మా కారు ఎర్ర పర్దాలు

నా చిన్నప్పటికే మా ఇంటి పెద్దరికం సగం కరిగిపోయింది. అయినా మీది ఏ ఇల్లని ఎవరైనా అడిగితే ముత్తాత దగ్గర నుంచి మొదలుపెట్టడం మాకు అలవాటు. మా ముత్తాత నిజాం ఏలుబడిలో ధర్మాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. శిస్తు ఆయన చేతి మీదుగానే కచేరీకి వెళ్లేది. ఎడ్ల పండుగైన పొలాల అమావాస్య నాడు మా ఎడ్లు తోరణం దాటితే గానీ ఊళ్లో మరొకరి ఎడ్లు కదిలేవి కావు. మా తాతయ్య కాలానికి ఆ ఎడ్లు లేవు, భూములూ చాలావరకు లేవు. ఒక పాత కారు, దాని కిటికీలకు ఇత్తడి కడ్డీల మీద వేలాడే ఎర్ర మఖ్మల్ పర్దాలు, ఎవరి ముందూ వంగని నడుము మాత్రం మిగిలాయి.

మా ఇంటి ఆడవాళ్లు బయటికి వెళ్తే ఆ పర్దాల వెనకే కూర్చోవాలి. మా నాయనమ్మ గోదావరి స్నానానికి ఎన్నోసార్లు వెళ్లివచ్చింది కానీ దారిలో ఉన్న ఊరు ఒక్కటీ ఎరగదు.

అలాంటి ఇంట్లో మా మేనత్తకు ముఖేడ్ బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అక్కడ బంధువుల ఇంట్లో ఉండి పని చేసుకోవాలి. తాతయ్య చాలా రోజులు ఔననలేదు, కాదనలేదు. చివరికి ఒక షరతు పెట్టారు. దేశ్‌ముఖుల ఆడపిల్ల బస్సెక్కకూడదు, మన కారులో మన మర్యాదతో వెళ్లి ఉద్యోగంలో చేరాలి అన్నారు. కారేమో తుప్పు పట్టి ఉంది. అందుకని ప్రయాణానికి ముందురోజు ధర్మాబాద్ నుంచి రంగుల మేస్త్రీని పిలిపించారు.

మేస్త్రీ కారు చుట్టూ తిరిగి చూశాడు. "మాలక్, రెండు దిక్కుల అద్దాలు పైకి వస్తలేవు. కాగజ్ అంటిస్త, లేకుంటే రంగు లోపటికి పోతది" అన్నాడు.

తాతయ్య నవ్వారు. "మా పర్దాలు దాటి లోపటికి ఎండనే పోలే, నీ పంపుల రంగు పోతదా? మిర్చిబజ్జీల పొట్లం లెక్క నా కారుకు కాగజ్ సుడతవా?"

"మీ మర్జీ మాలక్" అని మేస్త్రీ రంగు చిమ్మే పంపు అందుకున్నాడు.

మధ్యాహ్నానికి కారు మీగడ రంగులో పెళ్లికొడుకులా నిలబడింది. మేస్త్రీ వెళ్లిపోయాక తాతయ్య తలుపు తెరిచారు. లోపల గోధుమరంగు తోలు సీట్ల మీద జొన్నపిండి జల్లెడ పట్టినట్టు సన్నటి చుక్కలు. ముందు వెనక అద్దాల మీద, స్టీరింగు మీద, పైకప్పు గుడ్డ మీద అవే చుక్కలు. ఏళ్ల తరబడి ఎండకు చివికిన మఖ్మల్ పంపుగాలికి ఎగిరి, రంగును దర్జాగా లోపలికి రానిచ్చింది. తాతయ్య చేత్తో తుడిచి చూశారు. రాలేదు.

"రేపు ప్రయాణం బంద్. గిట్ల పోతే ముఖేడోళ్లు నవ్వుతరు" అని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడే చేరకపోతే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. అత్త వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడవలేదు. మా ఇంట్లో అందరి ముందూ ఏడ్చే ఆచారం లేదు.

నాయనమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. "ఊకె కూసుంటే రంగు పోతదా? గాసునూనె సీసా పట్టుకరా, సబ్బునీళ్లు కలుపు" అంది అత్తతో. కిరసనాయిలు వాసన కారంతా నిండింది. నేను వెనక సీటెక్కి ఒక చుక్కను గోటితో గీకబోయాను. నాయనమ్మ నా చెయ్యి మీద చిన్నగా కొట్టింది.

"గీకకు బిడ్డా. తోలు మనది, మచ్చ మనది గాదు. మచ్చ కోసం తోలు పాడు జేసుకుంటమా?"

నూనె గుడ్డను చుక్కల మీద అద్ది, అవి మెత్తబడేదాకా ఆగి, నెమ్మదిగా తుడవాలని చూపించింది. ఆ వెంటనే సబ్బునీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ఆర్చాలి. అద్దాలకైతే సబ్బునీళ్లు చల్లి, తాతయ్య గడ్డం బ్లేడును దాదాపు పడుకోబెట్టి నెట్టింది. చుక్కలు పొట్టులా లేచి వచ్చాయి. ముగ్గురం కలిసి పని చేశాం. అత్త ముఖంలోకి మెల్లగా కళ వచ్చింది.

సగం సీట్లయ్యేసరికి మెత్తటి గుడ్డలు అయిపోయాయి. గోనెపట్టా గీతలు పెడుతుంది. నాయనమ్మ తలెత్తి కిటికీల వైపు చూసింది. తర్వాత లేచి, కడ్డీ నుంచి పర్దాను లాగి, కత్తెర తెమ్మంది.

"అమ్మా! బాపు ఏమంటడు?" అంది అత్త.

"రంగు తియ్యాలె గదా, తీస్తున్న. రంగు రానిచ్చింది గదే. గదే తుడవని" అని నాయనమ్మ మఖ్మల్‌ను నిలువుగా కత్తిరించింది. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ.

పొద్దు వాలే వేళకు తాతయ్య వచ్చారు. సీట్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆయన కళ్లు ఖాళీ కడ్డీల మీద ఆగాయి. "పర్దాలేవి?"

నాయనమ్మ బకెట్లో నానుతున్న ఎర్రగుడ్డలు చూపించింది. "గవ్వే తీసినయి రంగు. మంచి గుడ్డ, మన మర్యాద నిలబెట్టింది" అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు. తాతయ్య సీటును చేత్తో ఒకసారి తుడిచి చూశారు. తర్వాత లోపలికి నడిచారు. ప్రయాణం ఏమవుతుందోనని అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లవారి తాతయ్య తలకు పట్కా చుట్టుకుని ముందు సీట్లో స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. వెనక మేం ముగ్గురం. కారు కదిలే ముందు ఆయన వెనక్కి తిరగకుండానే అన్నారు: "నడుము నిటారుగ పెట్టి కూసోండ్రి. అందరు సూస్తరు."

ముఖేడ్ దాకా నాయనమ్మ చెరుకుతోటలను, బావులను, మనుషులను చూస్తూనే ఉంది. ఎవరి ఊరు ఇది, ఎవరి చేను అది అని అత్తను అడుగుతూనే ఉంది. తాతయ్య ఆమెను ఒక్కసారి కూడా వారించలేదు.

మొన్న నాందేడ్‌లో మా మనవడి కారుకు రంగు వేయిస్తే సీట్ల మీద అవే చుక్కలు. వాడు గట్టి బ్రష్ పట్టుకున్నాడు. నేను వాడి చేతిలోంచి దాన్ని తీసుకుని, ముందు మెత్తబడనివ్వరా అన్నాను. మనుషుల విషయంలోనూ, మా ఇంటి పాత గొప్పల విషయంలోనూ నేను అదే పద్ధతి పాటిస్తూ వచ్చాను. బస్సులో కూర్చున్నా నా నడుము నేటికీ వాలదు.

ఆ కారును తర్వాత ధర్మాబాద్ ధాన్యం వ్యాపారి ఒకరికి అమ్మేశాం. ఇత్తడి కడ్డీలు దానితోనే వెళ్లిపోయాయి.