గడ్డిపోచ చేప

మనవరాలి పుస్తకంలో గడ్డిపోచలాంటి చేప బొమ్మ చూడగానే కాళేశ్వరం దగ్గర మా గోదావరి ఒడ్డు గుర్తొచ్చింది. అమ్మ కూలికి వెళితే బాపు నన్ను తువ్వాలతో వీపుకు కట్టుకుని చేపలు పట్టేవాడు.

“ఏందిరా, మొగోడివై పిల్లను మోస్తవా? సిగ్గు లేదా?” అని మేనత్త ఎగతాళి చేసేది. బాపు తల దించుకునేవాడు.

నాకు నాలుగేళ్లప్పుడు ఒకరోజు నాచుతో పాటు అలాంటి చేపే వలలో పడింది. పొట్ట కింద గుడ్లు అంటుకుని ఉన్నాయి.

“బాపూ, గిది తల్లి చేప!” అన్నాను.

“అయితే పోనీయ్ బిడ్డా” అంటూ దాన్ని నీళ్లలో వదిలాడు.

ఈ వయసులో, ఈమధ్యే అక్షరాలు నేర్చిన నేను మనవరాలి పుస్తకంలో ఆ బొమ్మ కింద రాసింది కూడబలుక్కుని చదివాను. నీటిగడ్డిలో దాగి బతికే పైప్‌ఫిష్‌లలో గుడ్లు మోసేది మగ చేపేనట.

పక్కనే కూర్చున్న ముసలి మేనత్త తలెత్తింది. “ఏందే, మల్ల సదువు.”

ఈసారి వాడకట్టంతా వినేలా చదివాను. “తల్లి చేప కాదత్తా, బాపు చేప!”