మెయిన్ ఆపినా ఆగని కరెంటు

2022 వానాకాలం. ఛత్రినాకలో చాలా ఏళ్లు తాళం పడి ఉన్న ఓ అద్దె ఇంటికి వైరింగ్ పని చేయడానికి వెళ్లాను. అందులో దిగబోతున్నది రెహానా అనే దర్జీ, ఆమె నాలుగేళ్ల కూతురు జోయా. గోడలన్నీ చెమ్మ, స్విచ్‌బోర్డుల నిండా చెదలు. వెళ్లగానే మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, పాత వైర్లు లాగడం మొదలుపెట్టాను.

రెహానా రబ్బరు చెప్పులు వేసుకుని బాత్రూం కడుగుతోంది. కాసేపటికి అక్కణ్నుంచే అడిగింది.

"భయ్యా, కరెంట్ బంద్ చేసిండ్రు కదా?"

"చేసిన అమ్మా. ఫ్యూజులు నా జేబులనే ఉన్నయి."

"మరి నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటుందేంది?"

వెళ్లి ఆ కుళాయికి టెస్టర్ ఆనించాను. అందులోని చిన్న బల్బు ఎర్రగా వెలిగింది. ఎటు నుంచి వస్తోందో తెలియని కరెంటంత భయం మా పనిలో మరొకటి లేదు. ఎక్కడ నిలబడాలో, దేన్ని తాకకూడదో తెలియదు.

ఇంతలో జోయా మగ్గు పట్టుకుని వాకిట్లోని నల్లా వైపు పరుగెత్తింది. అదీ ఇదే ఇనుప పైపుకు ఉంది. నేల తడి. పిల్ల కాళ్లకు చెప్పుల్లేవు. నేను కదిలేలోపే రెహానా కేక వేసింది.

"జోయా! రుక్ జా! హాత్ మత్ లగా!"

ఆగు, ముట్టుకోకు అన్న తల్లి కేకకు పిల్ల బెదిరి జారిపడింది. లేవడానికి ఆసరాగా నల్లా వైపే చెయ్యి చాచింది. రెహానా ఒక్క ఉరుకున వెళ్లి నడుం పట్టి ఎత్తుకుంది. ఆ చిన్న వేళ్లకూ నల్లాకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

అప్పుడు వినిపించింది, గోడ అవతల మోటారు హోరు. పక్కింటి యాదగిరిది పాల వ్యాపారం. రెండిళ్లకూ నీళ్ల పైపు ఒకటే. పరుగెత్తాను.

"యాదన్నా, మోటర్ బంద్ చెయ్! నీ కరెంట్ పైపుల నుంచి మా దిక్కు వస్తుంది!"

"ఏందన్నా గట్లంటవ్? మా ఆమె రోజూ గీ పైపుతోనే బర్లను కడుగుతది..."

అని, తన మాట తనకే తగిలినట్టు ఆగిపోయాడు. పరుగున వెళ్లి స్విచ్ ఆపాడు.

మోటారు వైరు పైతొడుగు ఒరిసిపోయి, లోపలి తీగ పైపుకు ఆనుకుని ఉంది. దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగ్ తీగ ఎప్పుడో తెగిపోయింది. వైరు మార్చి, రెండిళ్లకూ కొత్తగా ఎర్తింగ్ చేశాను. కరెంటు పక్కదారి పడితే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చులు కూడా బిగించాను.

అంతా అయ్యాక మోటారు వేయించి, నల్లాకు టెస్టర్ పెట్టి చూపించాను. వెలగలేదు. రెహానా మాత్రం పిల్లను చంకలోంచి దించలేదు.

"ముందుగాల మీరు పట్టుకోండ్రి భయ్యా."

ఏమీ కాదని నాకు తెలుసు. అయినా చెయ్యి ముందుకు సాగడానికి కొంత సేపు పట్టింది. చల్లటి ఇనుము తప్ప మరేమీ తగల్లేదు. రెహానా నా మొహం వంక చూసి, అప్పుడు జోయాను కిందికి దించింది.

మెయిన్ ఆపగానే ఇల్లు భద్రమని ఆ తర్వాత ఎన్నడూ అనుకోలేదు. ఏ పనికి వెళ్లినా పక్కింటి పైపులు, గోడలు కూడా చూస్తాను. ఇల్లు అప్పగించేటప్పుడు ఆ ఇంటివాళ్ల ఎదుట అన్నిటినీ నేనే ముందు ముట్టుకుంటాను. టెస్టర్ వెలగకపోతే నాకు చాలు. పిల్లను ఆ నేల మీద దించాల్సిన తల్లికి అది చాలదు.