అత్తయ్య కొట్టిన గులాబీ సెంటు

మొన్న బాపట్లలో మా మేనత్త చిన్న మనవడి పెళ్ళికి వెళితే, గుమ్మంలోనే ఆవిడ నా మణికట్టు పట్టుకుని గులాబీ సెంటు కొట్టింది. ఎనభై దాటినా ఆ పట్టు సడల్లేదు. "దుబాయ్ సెంటే అమ్మాయ్, రుద్దకు, పాడైపోద్ది" అని హెచ్చరించి, తన మెడకు అటూ ఇటూ కూడా కొట్టుకుంది. మామయ్య పోయి రెండేళ్ళయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రుద్దొద్దందని కసిదీరా రుద్దాను. అయినా చావలేదు ఆ వాసన. మొదట మిరియం నలిపినట్టు ముక్కులో గుచ్చింది. భోజనాల వేళకు గులాబీ విచ్చుకుంది. షర్బత్తులో ఉండే తీపి గులాబీ కాదది, తొడిమా ముల్లూ కొమ్మతో సహా విరిచి తెచ్చినది. తెనాలి రైలెక్కి చెమట పట్టేసరికి పువ్వు అణిగిపోయి, అడుగు నుంచి కర్ర వాసన లేచింది. చందనం, కాస్త పొగ, అప్పుడే రంపం పెట్టిన దుంగ. మంచి వాసనే, అదే నా కడుపుమంట.

ఆ చందనం నాకు పాతదే. రేపల్లెలో ఈ అత్తయ్య కూతురి పెళ్ళినాటికి నాకు పదిహేనేళ్ళు. నాన్న పోయి ఏడాది దాటింది. పందిరి గుమ్మంలో అత్తయ్య వచ్చిన ఆడవాళ్ళందరి ముంజేతికీ గంధపు నూనె కలిపిన గులాబీ అత్తరు రాస్తోంది. నాకూ రాసింది. నా వెనకే అమ్మ చెయ్యి చాచింది. భర్త పోయినవాళ్ళకు పూలూ గంధం అంటించకూడదన్నది మా వాళ్ళ పద్ధతి. అమ్మ మరిచిపోయి చాచిందో, సొంత ఆడపడుచు కదా, రాస్తుందిలే అని చాచిందో నాకిప్పటికీ తెలియదు. అత్తయ్య ఆ చేతిని వదిలేసి వెనకావిడ చెయ్యి అందుకుంది. "నువ్వు లోపలికెళ్ళి వంటవాళ్ళని చూసుకో వదినా, ఇక్కడెందుకు" అంది, నవ్వుతూనే. పోయేకాలం కాకపోతే ఆ నవ్వెందుకు? అమ్మ చాచిన చేత్తోనే పైట సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో నా ముంజేతిని అమ్మ చేతికేసి రుద్దాను. కసురుతుందనుకున్నాను, కసరలేదు. తెనాలి వచ్చేదాకా ఆ చేతిని పైట చాటున ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చుంది. అమ్మకు అదంత ఇష్టమని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఏ పెళ్ళికీ రాలేదు.

మొన్న ఇంటికి చేరానో లేదో అత్తయ్య ఫోన్.

"వాసన ఇంకా ఉందా? చూశావా, ఎంతసేపు నిలబడిందో."

ఉందన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"రేపల్లె పెళ్ళిలో అమ్మకెందుకు రాయలేదత్తయ్యా?"

గుర్తులేదంటుందనుకున్నాను. గుర్తుంది.

"అప్పటి కాలం అలాంటిదమ్మాయ్, మనమేం చేస్తాం? ఇప్పుడు కాలం మారింది. నేను కొట్టుకోవట్లా? పాపం వదిన, ఇప్పుడుంటే రాసేదాన్నే."

ఫోన్ పెట్టేశాను. కాలం మారిన మాట నిజమే. ఆవిడకు అవసరం వచ్చేదాకా ఆగి, అప్పుడు మారింది.