వందేళ్ల కిందటి కూతురు

కండక్టరుగా రిటైరైన ఆ పెద్దాయనకి కూతురంటే ప్రాణం. కూతురి ఉద్యోగమే తలనొప్పి. ఆ పిల్ల ఫస్టు క్లాసులో చరిత్ర చదివి, ఊరి బయట పాతకాలం పొలాన్ని చూపించే మ్యూజియంలో చేరింది. "అక్కడ ఆఫీసరు" అని ఆయన వీధంతా చాటుకున్నాడు. తీరా బావమరిది వెళ్లి చూసొచ్చి, "ఆఫీసరేంటి బావా, మోకాళ్ల దాకా బురదతో ఎడ్లు తోలుతోంది" అని చల్లగా చెప్పాడు. పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. ఆ పని మాన్పించి తీసుకొచ్చేస్తానని మర్నాడే బయల్దేరాడు.

గేటు దగ్గర టిక్కెట్లిచ్చే ఆవిడ ముందే చెప్పింది. "లోపల అన్నీ ముట్టుకోవచ్చు, కావాలంటే దున్నొచ్చు కూడా. కాకపోతే మావాళ్లు వందేళ్ల కిందటి మనుషుల్లాగే ఉంటారు. వాళ్లని ఈ కాలంలోకి లాగకండి."

పొలం గట్టు మీద పదిమంది దాకా నిలబడి ఉన్నారు. నాగలి పట్టుకున్న కూతురు ఆయన్ని చూసింది. ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకుంది.

"రండి బాబాయ్, ఎండనపడి వచ్చారు. ఏ ఊరు మీది?"

కన్నతండ్రిని పట్టుకుని బాబాయ్! పెద్దాయనకి చిర్రెత్తుకొచ్చింది. "నేను బస్సు కండక్టర్నమ్మా" అన్నాడు, ఒక్కో మాటా నొక్కి.

"అంటే ఏం పనండీ అది?" అంది కూతురు, కళ్లు ఇంతింత చేసుకుని. అందరూ గొల్లున నవ్వారు. ఆ కండక్టరు చంక దిగకుండా పెరిగిన పిల్ల అడిగిన మాట అది!

"రండి, మేడి పట్టి చూడండి" అని నాగలి చేతికిచ్చింది. నాగలి ఆయన మాట వింటేగా! అదిమితే దిగబడింది, వదిలితే పైకి తేలింది. కుడివైపు ఎద్దు మొండికేసి నిలబడిపోయింది. కూతురు దాని మెడ నిమిరి చెవిలో ఏదో గొణిగింది, అంతే, కదిలింది. పొలం చివరికి చేరి వెనక్కి చూసుకుంటే ఆయన వేసిన చాలు వంకర్లు తిరిగి ఉంది. దాని పక్కన పొద్దున్నుంచీ కూతురు వేసిన చాళ్లు, దారం పట్టి గీసినట్టు. ఇదంతా ఎప్పుడు నేర్చుకుందీ పిల్ల? ఆయన గుండె ఉప్పొంగిపోయింది. మాన్పించడం మాట మనసులోంచే ఎగిరిపోయింది.

"ఎవరి పిల్లో గానీ, ఎంత చక్కగా దున్నుతోందో" అంది గట్టు మీద ఒకావిడ.

మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగింది. చెబితే కూతురి పని చెడుతుంది, చెప్పకపోతే తన కడుపుబ్బిపోతుంది. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత గొంతు పెంచాడు.

"ఏమ్మా, అత్తారింటికి రాగానే కన్నతండ్రిని మర్చిపోయావా? నిన్ను చూసిపోదామని ఇంత దూరం నడిచొస్తే, ఏ ఊరని అడుగుతావా?"

వందేళ్ల కిందట మాత్రం కూతుళ్లకి నాన్నలు ఉండరా ఏం!

కూతురు తెల్లబోయింది. తర్వాత ముఖమంతా నవ్వయింది. "నాన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చి బురద చేతులతోనే ఆయన్ని పట్టేసుకుంది. గట్టు మీద చప్పట్లే చప్పట్లు.

"భలే చేశారండీ" అంది ఇందాకటి ఆవిడ. "ఇక్కడ మీ డ్యూటీ ఏంటి?"

"ఈ పిల్లకి నాన్నని" అన్నాడు పెద్దాయన, మీసం సవరించుకుంటూ. "ఇరవయ్యారేళ్ల సర్వీసు."