సొరబుర్రలో దాచిన కాగితం

నాకు రెండు వయసులున్నాయి. ఒకటి పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నది, రెండోది మా అమ్మకు తెలిసినది. పీహెచ్‌డీకి సీటొచ్చిన ఏడు ఆ రెండిటి మధ్యా పడి నలిగిపోయాను.

చిరుధాన్యాల విత్తనాల మీద నా పరిశోధన. సీటు రాగానే అరకులో చేస్తున్న కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం మానేశాను. తొందరపడి కాదు. గిరిజన విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పరిశోధన రుణానికి మొదటి నిబంధనే అది, ఉద్యోగం ఉండకూడదని. కుటుంబ ఆదాయం ఒక హద్దు దాటకూడదన్నారు, దాటే భాగ్యం మాకెప్పుడూ పట్టలేదు. తెగ ధ్రువపత్రం కావాలన్నారు, ఉంది. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా ఉండాలన్నారు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది గానీ అమ్మ ఉంది. ఇక మిగిలింది వయసు. దరఖాస్తు పెట్టే నాటికి ముప్పై అయిదు నిండకూడదట. సర్టిఫికెట్టు ప్రకారం నాకు నిండి ఎనిమిది నెలలయింది.

గిరిజన సంక్షేమ ఆఫీసులో గుమస్తా నా ఫైలు తిరిగి నా చేతిలోనే పెట్టాడు. "మీకు అర్హత లేదు మేడమ్. గడువు ఇంకా పదిహేను రోజులుంది గానీ, మీకు దానితో పనిలేదు" అన్నాడు. నేను అసలే కోపిష్టిదాన్ని. ఆ నిబంధన రాసిన మహానుభావుడు మా కొండల్లోకొచ్చి ఎవరికైనా పుట్టినరోజు తెలుసా అని ఒక్కసారి అడిగి ఉండాల్సింది. మా బళ్ళో నాతో చదివినవాళ్ళందరం జూలై ఒకటో తారీఖునే పుట్టాం. అందరికీ ఆ తేదీ వేసింది మాస్టారే.

జీపు దిగి, కాఫీ తోటల మధ్య బాట పట్టి, దారంతా తిట్టుకుంటూ ఇల్లు చేరాను. అమ్మ వాకిట్లో కూర్చుని చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. రుణం రాదని, అది లేకపోతే సీటు వదులుకోవాలని, ఉద్యోగం కూడా పోయిందని, వచ్చిన కోపమంతా ఆమె ముందు కుమ్మరించాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"తప్పు నాదే గుంటా. రెండేళ్ళు ఎక్కువ రాయించినాను" అంది.

నన్ను బళ్ళో వేసిన ఏడు సామలు పండలేదట. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో మూడు పూటలా అన్నం పెడతారని విని నన్ను చంకనేసుకుని వెళ్ళింది. ఆరేళ్ళు నిండితేనే చేర్చుకుంటారు. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోగలిగితే ఈడొచ్చినట్టు లెక్క. నాకప్పటికి నాలుగే. చెయ్యి చెవి దాకా రాదని అమ్మకు ముందే తెలుసు. వారం రోజులు ఇంట్లో సాధన చేయించిందట. చెయ్యి సాచడం కాదు, ఎవరికీ తెలియకుండా తల పక్కకు వంచడం. మాస్టారు చూసి నవ్వి, ఆరు అని రాసుకున్నారట.

"రెండేళ్ళ అన్నం కోసం నా పీహెచ్‌డీ పోగొట్టావు కదమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

అమ్మకు కోపం రాలేదు. "అప్పుడా అన్నం తినకపోతే ఇప్పుడీ సదువు ఎవులు సదువుదురు?" అంది. లేచి, దూలానికి వేలాడుతున్న విత్తనాల సొరబుర్ర దించింది. చేట మీద బోర్లిస్తే బూడిద, అందులో కలిపిన చోళ్ళ విత్తనాలు, చివరికి పాలిథిన్ చుట్టిన ఒక మడత రాలాయి. విప్పితే పసుపుపచ్చగా మారిన కాగితం. కింద వేలిముద్ర.

"ఇది నువ్వు పుట్టినప్పటిది. ఊటకొండ మీద పోడుకి అడివి నరుకుతున్నామని ఫారెస్టోళ్ళొచ్చి కేసు రాసినారు. మీ అయ్య పారిపోయినాడు. నానెక్కడికెల్తాను, ఒళ్ళో నువ్వుంటివి. ఏలెయ్యమంటే ఏసినాను. ఏటి రాసినారో నాకు తెల్దు. సింపేస్తే మళ్ళీ కేసెడతారని దాసినాను" అంది.

విత్తనాల బుర్రలో చెయ్యి పెట్టి ఎవరూ వెతకరని అందులో దాచిందట. ఇన్నేళ్ళుగా విత్తనం మార్చినప్పుడల్లా ఆ భయాన్ని కూడా తీసి, కొత్త బూడిదలో మళ్ళీ పెట్టింది. నేను చదువుకుని, ఊళ్ళో అందరి అర్జీలూ రాసిపెట్టి, అమ్మ కాగితం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఎన్నడూ అడగలేదు కూడా.

అప్పుడు చదివాను. తేదీ ఉంది, నాన్న పేరుంది, అమ్మ పేరుంది. చివర ఒక వాక్యం: "ఈమె ఒడిలో నెల్లాళ్ళ ఆడశిశువు ఉన్నందున స్టేషనుకు తీసుకుపోకుండా విడిచిపెట్టడమైనది." అమ్మకు నేను ఒక్కదాన్నే, వేరే కాన్పు లేదు. ఆ తేదీ లెక్కన నాకు ముప్పై మూడు నిండి కొన్ని నెలలు. ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాను. అమ్మ మాత్రం, "ఏటుంది అందులో? కేసు ఇంకా ఉన్నాదా?" అని అడిగింది.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. తాను కూడా వస్తానంది. ఆఫీసుల్లో నీకు మాట్లాడ్డం రాదు, వద్దన్నాను. "అబద్దం ఆడింది నాను. సెప్పుకోవాల్సింది నాను. బేగి నడు" అంది.

గుమస్తా యథాప్రకారం సర్టిఫికెట్టే ఆఖరి మాట అన్నాడు. అమ్మ అతన్ని దాటుకుని, తలుపు తోసుకుని, లోపలున్న అధికారిణి ఎదుట నిలబడింది. వెనకాలే నేను. ఆవిడ కాగితం రెండుసార్లు చదివారు. తగిన ఆధారం చూపిన గిరిజన అభ్యర్థులకు రెండేళ్ళ దాకా వయసు సడలించమని తాను కమిటీకి సిఫార్సు చేయవచ్చని చెప్పారు. గుమస్తా ఆ ఊసే ఎత్తలేదు. కానీ ఆవిడకొక సందేహం ఉంది.

"ఈవిడే ఆ పాప అని నేనెలా నమ్మాలమ్మా? బడిలో చేరే నాటికి నాలుగేళ్ళేనని మీకు అంత కచ్చితంగా ఎలా తెలుసు?" అని అడిగారు.

అమ్మ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "ఊటకొండ మీద మొదటి పంటకి ఇది పుట్టినాది తల్లీ. ఆ కొండ మూడేళ్ళు సేసి ఒగ్గేసినాము. తరవాత గెడ్డ నీళ్ళు దాటి అవతల కొండ. అక్కడ రెండో ఏడు సామ పండనేదు. అప్పుడు బళ్ళో ఏసినాను. మీరు ఏ ఏడు కావాలంటే ఆ ఏడు ఏ కొండ సేసినామో, ఏటి పండినాదో సెప్తాను."

ఆవిడ నిజంగానే అడిగారు. నా ఫైల్లోని బడి రికార్డు ముందు పెట్టుకుని, అటూ ఇటూ మార్చి మార్చి అడిగారు. అమ్మ ఒక్క చోట కూడా తడబడలేదు. నాటిన పంట, ఎండిన పంట, అడవిపందులు తిన్న పంట, అన్నీ వరసగా చెప్పింది. విత్తనాల మీద డాక్టరేటు చేస్తానని బయల్దేరిన నేను గోడకానుకుని నోరు తెరుచుకుని విన్నాను. ఇన్నాళ్ళూ ఈవిడనా మాట్లాడ్డం రాదన్నాను అని సిగ్గేసింది. సిగ్గు కన్నా గర్వం ఎక్కువ కలిగింది. తల వంచించి నాకు రెండేళ్ళు కలిపిన సంగతి కూడా ఆమే చెప్పేసింది. అధికారిణి నవ్వాపుకుంటూ సిఫార్సు రాశారు.

గడువుకి రెండు రోజుల ముందు నేను అర్హురాలినని ఉత్తర్వు వచ్చింది. సంతకాలకు మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. అదే గుమస్తా ఒప్పంద పత్రం తీసి, సిరా దిమ్మె అమ్మ ముందుకు జరిపి, "ఇక్కడ వేలెయ్యమ్మా" అన్నాడు. వెనక పెద్ద వరస ఉంది.

అమ్మ చెయ్యి చీర కొంగులోంచి బయటికి తీయలేదు. "ఏటి రాసున్నాదో సదువు గుంటా" అంది నాతో.

"అన్నీ మామూలు రూల్సేనమ్మా, చాలా పేజీలున్నాయి" అన్నాను.

"అప్పుడూ ఇలగే అన్నారు" అంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ప్రతి నిబంధనా మా ఇంటి భాషలోకి మార్చి చెప్పాను. తెలియనిచోట ఆమె ఆపింది, మళ్ళీ చెప్పించుకుంది. వరసలో వాళ్ళు విసుక్కున్నారు, గుమస్తా గడియారం చూసుకున్నాడు. మేం ఎవరి కోసమూ తొందరపడలేదు. ఆఖరి పేజీ అయ్యాక, "అబద్దం ఏటీ నేదు కదా?" అని అడిగింది. లేదన్నాను.

అప్పుడు బొటనవేలు కొంగుకు తుడుచుకుని ముద్ర వేసింది.