దాటొద్దన్న రాయి

తొంభైలలో ఒక పొద్దున, జార్జి టౌన్‌లో పాత హద్దురాయిని చూడ్డానికి నెల్లూరు నుంచి పనిగట్టుకుని వెళ్లాను. కోట తెల్లవాళ్లదీ, ఊరు నల్లవాళ్లదీ అని మద్రాసును రెండుగా చీల్చిన రోజుల్లో, మనవాళ్ల ఇళ్లు దాన్ని దాటకూడదని పాతిన రాయి అది. తీరా చూస్తే, నేలలో సగం కూరుకుపోయిన ఆ రాయికి పసుపు పూసి, వరసగా కుంకుమబొట్లు పెట్టి ఉంది. రాయికి అవతల ఒకావిడ కూర్చుని పూలు కడుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఇది దేవుడు కాదమ్మా! మనల్ని ఆపడానికి తెల్లవాళ్లు పాతిన రాయి. దీనికి పూజలా?"

ఆమె దారం ముడివేస్తూనే తలెత్తింది.

"తెలుసు సార్. పూజ ఎవురు చేసినారు? మీ ఇంట్లో గడపకి పసుపు పూయరా? దాటొద్దన్నారని దాన్నే మా గడప చేసుకున్నాము. దినానికి నూరుతూర్లు దాటతాము. మీరే, ఇంకా ఆడ నిలబడి ఉండారు."