సగం మేస్త్రి

మా మేనమామ ఏ పనీ చివరిదాకా చేసే మనిషి కాదు. టీ సగం తాగి వదిలేసేవాడు. గడ్డం సగం గీసుకుంటూ ఏదో గుర్తొచ్చి, రెండో చెంపకి సబ్బు నురగతోనే వీధిలోకి వెళ్లిపోయేవాడు. ఇంటి ముందు గోడకి నీలం రంగు మొదలుపెట్టి, నిచ్చెన ఎక్కకుండా చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు వేసి, "మిగతాది రేపు" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ఎదురింట్లో ఇస్త్రీ చేసే ఆవిడ ఆ గోడని కొత్తవాళ్లకి చూపించి చెప్పేది: "అది రంగు కాదండీ. ఓ ఏడు వరదొస్తే నీళ్లు అంతవరకు వచ్చాయి."

ఇల్లు ఇప్పుడు నా ఒక్కడిదే. అయినా గోడ పై సగానికి రంగు వేయించడానికి మనసొప్పలేదు.

ఆయన వృత్తి పుస్తకాలు బైండు చెయ్యడం. కింద దుకాణం, మేడమీద కాపురం. వీధంతా ఆయన్ని సగం మేస్త్రి అని, మొహం మీదే పిలిచేది. ఆయన పలికేవాడు కూడా, అదీ సగమే. "ఆఁ, వస్తున్నా" అనేవాడు. వచ్చేవాడు కాదు.

అన్నిటికన్నా అన్యాయం ఆయన మాటలు. "ఒరేయ్, ఇవాళ బస్సులో ఒకాయన కనిపించాడురా, అచ్చం మీ..." అని, అట్టముక్క వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయేవాడు. అచ్చం మా ఎవరు? మా నాన్నా, మా తాతా, మా పక్కింటి కుక్కా? మర్నాడు అడిగితే, "ఏ బస్సు?" అనేవాడు.

అత్తయ్య బతికున్న రోజుల్లో ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. ఆయన మొదలుపెట్టిన మాట ఆవిడ పూర్తిచేసేది. ఆయన వదిలిన టీ ఆవిడ తాగేది. ఆవిడ పోయాక ఇంట్లో సగాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి.

నేను యుద్ధం నుంచి ఆయన ఇంటికి వచ్చేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. అమ్మానాన్నా లేరు, వెళ్లడానికి ఇంకో గడప లేదు. కుడి మోకాలిలోంచి ఇనపముక్కలు తీసి పద్దెనిమిది కుట్లు వేశారు. పంపించేటప్పుడు ఆస్పత్రి డాక్టరు నా మొహం చూడకుండా మోకాలినే చూస్తూ దానితోనే చెప్పినట్టు చెప్పాడు: "నడిస్తే వంగుతుంది. పడుకుంటే కర్రలా బిగుసుకుంటుంది. ఎండలు ముదిరేలోగా వంగలేదా, ఇక నా దగ్గరికి రావద్దు. వడ్రంగి దగ్గరికి వెళ్లు."

నేను పడుకోవాలనే నిర్ణయించుకున్నాను. నొప్పి ఒక్కటే కారణం కాదు. మేం నలుగురం ఒక డేరాలో ఉండేవాళ్లం. తిరిగొచ్చింది నేనొక్కణ్ణే. వీధిలోకి దిగితే ప్రతివాడూ ఎలా జరిగిందని అడుగుతాడు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, లేదా చెప్పగలిగినది లేదు. అంచేత మేడగది తలుపు మూసుకుని గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. గోడమీద సున్నం పెచ్చులు ఎన్నో, ఏ పెచ్చు ఏ జంతువులా ఉందో నాకు కంఠతా వచ్చేసింది. రోజంతా కింద కటింగ్ మిషన్ దిగే చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఇద్దరం మనుషులం ఉన్నామన్న జాడే ఉండేది కాదు.

మావయ్య అన్నం కంచం పెట్టి, గుమ్మంలో నిలబడి, "అక్కడ నీకు..." అనేవాడు. అంతే. మెట్లు దిగిపోయేవాడు. నన్ను ప్రశ్న పూర్తిగా అడగని మనిషి లోకంలో ఆయనొక్కడే. ఆ ఒక్క విషయంలో ఆయన జబ్బు నాకు నచ్చింది.

ఒకరోజు, "చదవడానికి ఏదైనా ఉంటే ఇయ్యి మావయ్యా" అన్నాను. దుకాణంలో మిగిలిపోయిన కాపీలకి లోటు లేదు. ఒక అపరాధ పరిశోధన నవల తెచ్చి ఇచ్చాడు. నగల వ్యాపారిని ఎవరో చంపారు. రెండు రోజులు కదలకుండా చదివాను. ఇనస్పెక్టరు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి వేలెత్తి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు. అతని పేరు" అన్నాడు. నూట తొంభై రెండో పేజీ అయిపోయింది. తిప్పితే అట్ట.

"మావయ్యా" అని కేకేశాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆయన జిగురు చేతులతో పైకి వచ్చాడు.

"చివరి ఫారం ఏది?" అన్నాను. ఫారం అంటే పదహారు పేజీల మడత. ఆ మడతలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఆ మాత్రం నాకూ తెలుసు.

"లేదూ? అయ్యో. కుట్టడం మర్చిపోయినట్టున్నా. అదిగో, కిటికీ దగ్గర బల్లమీద..."

"అందించు."

"జిగురు మాడుతోంది" అని దిగిపోయాడు.

కిటికీ నా మంచానికి ఎనిమిది అడుగులు. చంకకర్రలు వేసుకుని అక్కడికి చేరడానికి పావుగంట పట్టింది. హంతకుడు గుమాస్తా. నాకు మొదట్నుంచీ వాడి మీదే అనుమానం.

రెండో పుస్తకంలోనూ చివరి ఫారం లేదు.

"నువ్వు దర్జీ పని చేసుంటే ఒక్క చొక్కాకీ రెండో చెయ్యి ఉండేది కాదు" అన్నాను.

"దర్జీ పని కూడా కొన్నాళ్లు..." అన్నాడు మావయ్య. ఫారం మెట్లమీద ఎక్కడో జారిపోయిందట.

పదిహేను మెట్లు. చంటిపిల్లాడిలా కూర్చుని ఒక్కొక్కటే దిగాను. తొమ్మిదో మెట్టు మీద దొరికింది. అక్కడే చదివేశాను. ఇక పైకెక్కడం కన్నా దిగడమే దగ్గర, పైగా కింద నుంచి టీ వాసన వస్తోంది. దుకాణంలో ఎక్కడ చూసినా సగం సగం గ్లాసులు. ఆయన కుంచె ముంచి అట్టకి శ్రద్ధగా రాస్తున్నాడు.

"మావయ్యా, అది టీ."

ఆయన గ్లాసులోకి చూశాడు. "అందుకా అంటుకోవట్లేదు. మరి ఇందాక నేను తాగింది..."

ఆ వాక్యం పూర్తికాకపోవడమే మంచిదయింది.

మూడో పుస్తకం ప్రేమకథ. "చివరి ఫారం ఇస్త్రీ ఆవిడ దగ్గరుందిరా. మడత బాగా నిలవాలని ఇచ్చా" అన్నాడు. నేను రెండు రోజులు బిగదీసుకు కూర్చున్నాను. ఆ అమ్మాయి డ్రాయింగు మాస్టర్ని చేసుకుంటుందా, మేనబావనా? మూడోరోజు వీధిలోకి దిగాను. ఎదుటి గుమ్మం వెయ్యి మైళ్లలా కనిపించింది.

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకుని బిగుసుకుపోయాను.

"మీ మావయ్యది సగం గోడ, నీది సగం నడక. ఇంటిల్లిపాదీ ఒకటే తీరు" అంది. "ఇంద నీ కాగితాలు. డ్రాయింగు మాస్టర్నే చేసుకుంటుంది."

"ఎందుకు చెప్పావక్కా?"

"మీ ఇంట్లో ఎవరూ ఏదీ చివరిదాకా చెప్పరుగా. నేనైనా చెప్పాలి."

యుద్ధం మాట ఎత్తలేదు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ సంగతే ఆలోచించాను.

తర్వాతి ఫారం క్షవరం షాపులో అద్దం వెనక దొరికింది. చదువుతూ కుర్చీలో కూర్చున్నానని షాపతను నా గడ్డం గీసేశాడు, రెండు చెంపలూ. మా ఇంట్లో అది అపూర్వం. వస్తూ వస్తూ ఒక చంకకర్ర అక్కడే మర్చిపోయి వచ్చాను. మర్చిపోవడం అంటువ్యాధి అనుకున్నాను. మళ్లీ తెచ్చుకోవాల్సిన అవసరం కనపడలేదు.

చలి తగ్గి ఎండలు మొదలయ్యాయి. అప్పుడిచ్చాడు ఒక లావుపాటి నవల, పందొమ్మిది ఫారాలది. ఇరవయ్యోది లేదు.

"అచ్చాఫీసులో ఉండిపోయిందిరా. నాకు పని ఒత్తిడి..."

అచ్చాఫీసు పెద్దరోడ్డు దాటి, వంతెన దాటి, మంచి కాళ్లున్నవాడికే అరగంట. నాకు నిజంగానే కోపం వచ్చింది. "ఇదే ఆఖరు. ఇక నీ పుస్తకాలు నాకొద్దు" అని బయల్దేరాను. దారిపొడవునా ఆయన్ని తిట్టుకుంటూనే నడిచాను. తిట్టుకునేవాడికి దారి తెలియదు.

అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే ముసలాయన బల్ల సొరుగులోంచి ఫారం తీసి ఇచ్చాడు.

"మీ మావయ్య నిన్ననే తెచ్చిచ్చాడు, మనిషొస్తాడు ఇమ్మని."

"తెచ్చిచ్చాడా? ఇక్కడే మర్చిపోయానన్నాడే."

ముసలాయన కళ్లద్దాలు నుదుటిమీదికి తోశాడు. "ఎవరు, ఆయనా? ముప్ఫై ఏళ్లుగా పని ఇస్తున్నాం నాయనా. ఒక్క ఫారం తగ్గలేదు, ఒక్కటి తలకిందులవలేదు. మా వల్ల ఒక పేజీ తేడా వస్తే అరిచి మా పైకప్పు లేపేస్తాడు. మీ మావయ్య పూర్తిచేసే పని ఏదైనా ఉంటే అదొక్కటే."

గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని ఫారం విప్పాను. మడతవెంట వరసగా అయిదు సన్నటి రంధ్రాలు. సూది దిగిన చోట్లు. కుట్టని ఫారానికి రంధ్రాలుండవు. కుట్లు వేసి విప్పిన చోటు ఎలా ఉంటుందో నా మోకాలికన్నా బాగా ఎవరికీ తెలియదు. అంటే ఆయన ప్రతి పుస్తకమూ శుభ్రంగా పూర్తిచేసి, కూర్చుని, ఒక్కొక్క పోగూ విప్పి, నా కోసం పాడుచేశాడు. ఈసారి దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఇంత దూరం వచ్చి దాచి వెళ్లాడు.

ఫారాన్ని ఒళ్లో పెట్టుకోబోయి కిందికి చూశాను. మామూలు మనుషుల్లా కూర్చుని ఉన్నాను. రెండు పాదాలూ నేలమీద, రెండు మోకాళ్లూ వంగి. ఎప్పుడు వంగిందో, తిట్టుకోవడంలో పడి గమనించలేదు.

ఇంటికెళ్లేసరికి ఆయన తలెత్తకుండా కుడుతున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది. నీకు మతిమరుపు బాగా ఎక్కువైంది మావయ్యా."

"అవున్రా, వయసు..." అన్నాడు. సూదిలోకి దారం ఎక్కించమని నాకిచ్చాడు. ఎక్కించాను. ఎదురుగా ఉన్న పీటమీద కూర్చున్నాను. ఆ పీటమీద ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. రంధ్రాల సంగతి నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. డేరాలోని ముగ్గురి గురించి ఒక్కొక్కరోజు ఒక్కొక్క ముక్క చెప్పాను, నేనూ సగం సగమే.

తర్వాత ఒక వానాకాలం ఆయన దుకాణం గడప దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది. మనిషి లేవలేదు. మేడగదిలో, నా పాత మంచంమీద, నా పాత గోడవైపే తిరిగి పడుకున్నాడు.

"లే మావయ్యా, నాలుగడుగులు వెయ్యి."

"లేవనురా. ఇక లేచి నేను చెయ్యాల్సిన పనేమీ లేదు."

ఆయన తన మనసులో మాట చివరిదాకా చెప్పగా వినడం అదే మొదలు. నాకు భయం వేసింది.

ఆ సాయంత్రం కిందికి వెళ్లి, అప్పుడే బైండు చేసిన అపరాధ పరిశోధన నవల ఒకటి తీసుకుని, చివరి ఫారం కుట్టు విప్పాను. పుస్తకం ఆయన దిండు పక్కన పెట్టాను. రెండు రోజులు ఏ చప్పుడూ లేదు. మూడోరోజు పొద్దున్న పైనుంచి కేక.

"ఒరేయ్. చివరి ఫారం ఏది?"

పైకి వెళ్లాను. "లేదూ? అయ్యో. కుట్టడం మర్చిపోయినట్టున్నా. అదిగో, కిటికీ దగ్గర బల్లమీద."

"అందించు."

"జిగురు మాడుతోంది" అని దిగిపోయి, మెట్ల కింద నిలబడ్డాను.

చాలాసేపటికి మంచం కిర్రుమంది. కర్ర నేలకి తగిలింది. మళ్లీ తగిలింది. తర్వాత కాగితం విప్పిన చప్పుడు. ఆయన వేళ్లు మడతవెంట రంధ్రాలు తడుముకుంటూ పోవడం నాకు కనిపించినట్టే ఉంది.

"ఒరేయ్" అన్నాడు పైనుంచి. "మూడో రంధ్రం చింపావు. ఇరవై రెండేళ్లయినా నీకు కుట్టు విప్పడం..."

మాట అక్కడ ఆగిపోయింది. కర్ర పై మెట్టుకి తగిలింది.

మిగతా సగం చెప్పడానికి ఆయన మెట్లు దిగి వస్తున్నాడు.